పని మధ్యలో తెగకుండా, తెగినా మళ్లీ అందుకునేలా: ఆఫీసుకీ ఇంటికీ పనికొచ్చే పద్ధతి

ఒక పదో తారీఖు మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని కొనుగోలు బిల్లులు టాలీలో (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తున్నాను. 42వ బిల్లు దగ్గర కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీసి, పార్సిల్ తీసుకుని, ఓటీపీ చెప్పి, ఎలాగూ లేచాను కదా అని పొయ్యి మీద పాలు చూసి వచ్చాను. వచ్చి మళ్లీ 42వ బిల్లే ఎక్కించాను. ఆ సంగతి సప్లయర్ స్టేట్‌మెంట్‌తో లెడ్జర్ కలవనప్పుడు గానీ తెలియలేదు. తలుపు తీసి రావడానికి పట్టింది మూడు నిమిషాలు. తప్పు వెతకడానికి రెండు గంటలు.

నష్టమంతా తిరిగొచ్చి కూర్చున్నాకే జరిగింది. అందుకే ఈ పద్ధతిలో సగం అంతరాయాలు తగ్గించడానికి, మిగతా సగం తెగిన పనిని తెగిన చోటే అందుకోవడానికి. రోజంతా పని చేసినట్టే ఉంటుంది, ఏదీ తెమలదు, ఏం చేయాలి అని అడిగేవాళ్లకి ఇదే చెబుతుంటాను.

నాది అకౌంట్స్ ఉద్యోగం. వారంలో రెండు రోజులు ఆఫీసుకి వెళ్తాను, మూడు రోజులు ఇంటినుంచి చేస్తాను. ఉదాహరణలన్నీ అక్కడివే. మీ పనిని బట్టి మార్చుకోండి.

కావలసినవి

- జేబులో పట్టే నోట్‌బుక్ ఒకటి, దానికి కట్టేసిన పెన్ను
- చీటీలకి పాత క్యాలెండర్ కాగితాలు, వెనక తెల్లగా ఉన్నవి
- ఒక టైమర్. వంటింట్లో వాడేదైనా సరే
- కొత్త యాప్ ఒక్కటి కూడా వద్దు. యాప్ సెట్ చేసుకోవడంలోనే ఒక ఆదివారం పోతుంది

## 1. ముందు మూడు రోజులు గీతలు గీయండి

ఏమీ మార్చకండి. పని ఆగిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో ఒక గీత గీసి పక్కన ఒక్క మాట రాయండి: బెల్, ఫోను, పిల్లలు, ఆఫీసు, అత్తయ్య, నేనే.

"నేనే" అంటే ఎవరూ పిలవలేదు, నాకు నేనే లేచాను, లేదా నాకు నేనే ఫోను తీశాను అని. నా గీతల్లో సగానికి దగ్గరగా ఈ "నేనే"లు వచ్చాయి. అప్పటిదాకా తప్పంతా ఇంట్లోవాళ్ల మీద వేసేదాన్ని. ఆ పేజీ ఎవరికీ చూపించలేదు.

మూడో రోజు రాత్రి వాటిని మూడు వరసలుగా విడదీయండి.

- పూర్తిగా ఆపగలిగినవి: నోటిఫికేషన్లు, "నేనే"లలో చాలా భాగం
- వేళ మార్చగలిగినవి: కొరియర్, గ్యాస్ సిలిండర్, తోటి ఉద్యోగుల సందేహాలు
- మన చేతిలో లేనివి: బడినుంచి ఫోను, పైఅధికారి పిలుపు, కరెంటు పోవడం

మొదటి వరసకి 4వ అంచె, రెండోదానికి 5, మూడోదానికి 7. ఈ మూడు రోజులు ఎగ్గొట్టి నేరుగా ముందుకు పోయినవాళ్లు తమకి లేని జబ్బుకి మందు వేసుకుంటారు.

## 2. రాత్రి పది నిమిషాలు: రేపటి పనికి మొదటి కదలిక రాయండి

పడుకోబోయే ముందు వద్దు. రాత్రి గిన్నెలు సర్దాక, టీవీ ముందు కూర్చోకముందు.

ఎడమ పేజీలో రేపటి పెద్ద పనులు మూడే రాయండి. కుడి పేజీలో చిల్లర పనులు ఎన్నైనా రాసుకోవచ్చు: కరెంటు బిల్లు, దర్జీకి ఫోను, ఎవరికో పంపాల్సిన ఫైలు.

ఎలా రాయాలన్నదే అసలు సంగతి. "జీఎస్టీ" అని రాస్తే అది పని పేరు. పొద్దున్నే దాన్ని చూడగానే కడుపులో తిప్పుతుంది, చెయ్యి ఫోను మీదికి పోతుంది. "జూన్ అమ్మకాల రిజిస్టర్ తెరిచి క్రెడిట్ నోట్లు విడిగా తీయాలి" అని రాస్తే కుర్చీలో కూర్చోగానే చెయ్యి ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది. "పిల్లల పుస్తకాలు" అని కాకుండా "అటక మీది సంచి దించి అట్టలు ఎన్ని కావాలో లెక్కపెట్టాలి" అని రాయండి.

తేదీలున్న పనులకి ఇంకో జాగ్రత్త. మా వృత్తిలో నెలకి నాలుగు గడువులు కదలవు: 7కి టీడీఎస్, అంటే చెల్లింపుల్లో ముందే పట్టుకున్న పన్ను, కట్టాలి (మార్చి నెలది మాత్రం ఏప్రిల్ 30 దాకా), 15కి ఉద్యోగుల పీఎఫ్, ఈఎస్ఐ, జీఎస్టీ రిటర్నులు నెలనెలా వేసేవాళ్లకి 11కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20కి జీఎస్టీఆర్-3బి (పన్ను లెక్క). గోడ క్యాలెండర్ మీద నేను ఆ తేదీలు చుట్టను. వాటికి మూడు రోజుల ముందు తేదీలు చుడతాను. చివరి రోజున పోర్టల్ మొరాయిస్తే ఏకాగ్రత ఎంత ఉన్నా చేసేదేమీ ఉండదు. బడి ఫీజుకీ, ఇన్సూరెన్స్ ప్రీమియంకీ ఇదే లెక్క.

## 3. కూర్చునే చోటు

ప్రత్యేకమైన గది ఉంటే మంచిదే. మా రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో లేదు, భోజనాల బల్లే నా ఆఫీసు. రెండే నియమాలు: టీవీకి వీపు పెట్టాలి, మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టకూడదు.

కూర్చునే ముందు నీళ్ల సీసా, ఛార్జర్, కళ్లజోడు, అవసరమైన కాగితాలు బల్ల మీద ఉన్నాయో లేదో చూసుకోండి. ఛార్జర్ కోసం లేచినవాళ్లు ఛార్జర్‌తోనే తిరిగి రారు.

## 4. ఫోను సంగతి

"చూడకుండా ఉంటాలే" అనుకోవడం పనిచేయదు. ఒకసారి కూర్చుని ఇవి చేయండి, పావుగంట పని.

1. డు నాట్ డిస్టర్బ్‌లోకి వెళ్లి, మోగడానికి అనుమతి ఉన్న నంబర్లు పెట్టండి: బడి, ఇంట్లోవాళ్లు, పైఅధికారి. ఐదు దాటనివ్వకండి.
2. అక్కడే, అదే వ్యక్తి మళ్లీ చేస్తే మోగేలా ఒక ఆప్షన్ ఉంటుంది, ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో అయితే 15 నిమిషాల్లోపు ఒకే నంబరునుంచి రెండోసారి వస్తే మోగుతుంది. "అత్యవసరమైతే వెంటవెంటనే రెండుసార్లు చేయండి" అని ఇంట్లో చెప్పి ఉంచండి. నాకు సగం టెన్షన్ దీంతోనే పోయింది.
3. వాట్సాప్ గ్రూపులన్నీ మ్యూట్ చేయండి, ఎనిమిది గంటలకి కాదు, ఎప్పటికీ అన్నదే ఎంచుకోండి. అపార్ట్‌మెంట్ గ్రూపు, చుట్టాల గ్రూపు ఆర్కైవ్‌లోకి పంపండి.
4. విడత (టైమర్ పెట్టుకుని ఒకే పని మీద కూర్చునే సమయం, 6వ అంచెలో చెబుతాను) మొదలయ్యాక ఫోను పక్కగదిలో, ఛార్జింగ్‌లో. బల్ల మీద బోర్లా పెట్టడం ఫోను దూరం పెట్టినట్టు కాదు.

ఇక్కడే మాలాంటి వాళ్లకి చిక్కు వస్తుంది. రిటర్ను ఫైల్ చేయాలన్నా, బ్యాంకులో చెల్లింపు చేయాలన్నా ఓటీపీ కావాలి, ఓటీపీ కోసం ఫోను కావాలి. ఓటీపీ చూసి అక్కడే ఆగిన రోజు నాకు గుర్తులేదు. అందుకని ఓటీపీ పనులన్నీ కూడబెట్టి సాయంత్రం 4 గంటలకి ఒక్క పూటగా చేస్తాను. చెల్లింపులు, ఫైలింగులు, గ్యాస్ బుకింగ్, రైలు టికెట్లు అన్నీ అప్పుడే. ఆ అరగంటలో ఫోను చేతిలో ఉన్నా బాధ లేదు. తత్కాల్ టికెట్ లాంటివి మాత్రం వాటి వేళకే చేయక తప్పదు.

## 5. ఇంట్లోవాళ్లతో, ఆఫీసులో వాళ్లతో ఒప్పందం

ఇంటినుంచి పనిచేసే వాళ్లందరికీ తెలిసిన మాట ఒకటుంది. "ఇంట్లోనే ఉన్నావుగా అమ్మాయ్, కాస్త ఆ గ్యాస్ అబ్బాయికి తలుపు తియ్యి."

మొదట్లో ఈ మాటకి ఒళ్లు మండేది. "పనిలో ఉన్నాను అత్తయ్యా" అంటే ఆవిడకి నేను ఎప్పుడు పనిలో ఉంటానో, ఎప్పుడు ఉండనో తెలిసే దారి లేదు. కనబడినప్పుడల్లా కుర్చీలోనే ఉంటాను కదా.

ఇప్పుడు పిల్లాడి పాత పలక ఒకటి ఫ్రిజ్ పక్కన వేలాడదీశాం. కూర్చునే ముందు దాని మీద సుద్దముక్కతో "11:30కి లేస్తాను" అని రాస్తాను. అంతే. పిలవొద్దు అని చెప్పడం కంటే ఎప్పుడు దొరుకుతానో చెప్పడం చాలా బాగా పనిచేసింది. ఇప్పుడు అత్తయ్యే పనులు పోగుచేసి పెడుతున్నారు. "పదకొండున్నరైంది, నీకు మూడున్నాయి" అంటారు, వేళ్లు చూపిస్తూ.

ఒప్పందం నిలవాలంటే:

- పలక మీద రాసిన వేళకి కచ్చితంగా లేవాలి. రెండుసార్లు తప్పితే ఆ పలకని ఎవరూ చూడరు
- ఐదారేళ్ల పిల్లలకి గడియారంలో పెద్ద ముల్లు ఎక్కడికి రావాలో చూపించండి. గంటన్నర వాళ్లకి అర్థం కాదు, 30 నిమిషాలు అర్థమవుతుంది
- కొరియర్ ఎక్కడ పెట్టాలో సెక్యూరిటీకి ముందే చెప్పండి

ఆఫీసులో ఇదే రోగానికి పేరు "ఒక్క నిమిషం మేడమ్". ఆ ఒక్క నిమిషం ఎప్పుడూ పావుగంటే. "పన్నెండింటికి నేనే మీ సీటు దగ్గరికి వస్తాను" అనండి, నోట్‌బుక్ కుడి పేజీలో వాళ్ల ఎదురుగానే రాయండి. రాయడం చూస్తే వాళ్లు నమ్మి వెళ్తారు. పన్నెండింటికి వెళ్లేసరికి సగం మంది తమ సందేహం తామే తీర్చుకుని ఉంటారు.

## 6. ఒక విడత ఎలా సాగాలి

1. చిల్లర పనులు చూడకుండా ఎడమ పేజీలో మొదటి పని చదవండి.
2. కంప్యూటర్‌లో దానికి అక్కర్లేని విండోలు, ట్యాబులు మూసేయండి. మెయిల్ కూడా.
3. పలక మీద వేళ రాయండి, ఫోను పక్కగదిలో పెట్టండి.
4. టైమర్ పెట్టి మొదటి కదలిక చేయండి.
5. మధ్యలో ఏదైనా గుర్తొస్తే కుడి పేజీలో రాసి మళ్లీ పనిలోకి రండి. పప్పు నానబెట్టలేదని గుర్తొచ్చినా అంతే. విడత అయ్యాక నానబెడితే మునిగిపోయేదేమీ లేదు.
6. టైమర్ మోగగానే చీటీ రాసి (తర్వాతి అంచె చూడండి) లేవండి.

ఎంతసేపు? ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర్లో టమాటా ఆకారపు వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పొమొడోరో పద్ధతిలో 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం. మొదలుపెట్టడమే కష్టంగా ఉన్న పనికి అది బాగుంటుంది. లెక్కలు కలిపే పనికి 25 చాలదు, బుర్ర వేడెక్కేసరికే మోగుతుంది. నేను 50 పెట్టుకుంటాను. రోజుకి ఇలాంటివి మూడు పడితే నాకు పండగే. ఎనిమిది గంటలూ ఇలా చేయాలనుకోకండి, మీటింగులు, మెయిళ్లు, ఫోన్లు కూడా ఉద్యోగమే కదా.

## 7. ఆపిన చోటు చీటీ

ఇంకేమీ చేయకపోయినా ఇదొక్కటి చేయండి.

ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే, ధ్యాసలో కొంత పాతపనికే అతుక్కుని ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. 2018లో తెరెసా గ్లోంబ్‌తో కలిసి చేసిన పరిశోధనలో, లేచేముందు ఎక్కడ ఆగామో, తిరిగొచ్చి ఏం చేయాలో క్లుప్తంగా రాసుకుంటే ఆ అతుకుడు తగ్గుతుందని తేల్చారు. నా 42వ బిల్లుకి మందు అదే.

చీటీలో మూడు వరసలు:

- ఏం చేస్తున్నాను
- ఎక్కడ ఆగాను
- రాగానే మొదట చేసేది

నిన్నటి చీటీ ఒకటి ఇలా ఉంది:

"బ్యాంకు లెక్క కలుపుతున్నా. 18వ తేదీ వరకు అయింది. 19న రెండు చెక్కులు ఒకే మొత్తానికి ఉన్నాయి, నంబర్లు చూడాలి."

పదిహేను సెకన్ల పని. ఆ మాత్రం బెల్ కొట్టినవాళ్లు ఆగుతారు. పైఅధికారి ఫోను అయినా ఎత్తుతూనే రెండు మాటలు గీకేయొచ్చు. చీటీ రాయకుండా కుర్చీ వదలకూడదని నియమం పెట్టుకున్నాక ఇంకో విచిత్రం జరిగింది. "నేనే" గీతలు తగ్గాయి. ఊరికే లేవాలనిపించినప్పుడు, అమ్మో ఇప్పుడు చీటీ రాయాలి అనే బద్ధకానికి లేవడం మానేస్తున్నాను.

రాసే వీలు లేని చోట వస్తువుతో గుర్తు పెట్టండి.

- ఎక్కించిన బిల్లు ఎడమవైపు బోర్లా, ఎక్కించాల్సినవి కుడివైపు వెల్లకిలా. చేతిలో ఉన్నది సగంలో ఉంటే కీబోర్డు మీద
- బియ్యం కొలుస్తుంటే ఎవరైనా పిలిస్తే, కొలగ్లాసు గిన్నెలోనే ఉంచి వెళ్లండి. పోసిన గ్లాసులెన్నో పైకి అనుకుంటూ వెళ్లండి
- కూరలో ఉప్పు వేసేశారా, గరిటె గిన్నె మీద అడ్డంగా పెట్టండి. మా ఇంట్లో అందరికీ ఈ గుర్తు తెలుసు. అంతకుముందు ఒకే పప్పుచారులో ఇద్దరం ఉప్పు వేసిన రోజులున్నాయి

## 8. మధ్యాహ్నం

అన్నం తిన్నాక ఒకటిన్నర నుంచి మూడు దాకా బరువైన పని పెట్టుకోకండి. కుడి పేజీ చిల్లర పనులు, మెయిళ్లు, ఫైళ్లు సర్దడం అప్పటికి ఉంచండి. ఇంట్లో ఉన్న రోజు 20 నిమిషాలు అలారం పెట్టి కునుకు తీయొచ్చు. అరగంట దాటితే లేచాక తల దిమ్ముగా ఉంటుంది. నాలుగున్నర తర్వాత టీ తాగితే నాకు రాత్రి నిద్ర పట్టదు, మీది మీరు చూసుకోండి.

## 9. ఇంటి పని

ఆడవాళ్లు ఒకేసారి నాలుగు పనులు చేయగలరని పొగుడుతుంటారు. ఆ పొగడ్త నమ్మకండి. పనులు రెండు రకాలు.

మొదలుపెట్టి వదిలేసేవి: వాషింగ్ మెషిన్, కుక్కర్, నానబెట్టడం, దోసెల పిండి పులవడం. వీటిని విడతకి ముందు మొదలుపెట్టండి. కుక్కర్‌కి మాత్రం విజిళ్లు లెక్కపెట్టే మనిషి ఉండాలి, లేదా ఇండక్షన్ మీద పెట్టి టైమర్ ఇవ్వండి.

కళ్లు అక్కడే ఉండాల్సినవి: పాలు కాచడం, పోపు, పిల్లల హోంవర్క్. వీటితోపాటు ఇంకేదీ వద్దు. ఇయర్‌ఫోన్‌లో మీటింగ్ వింటూ పాలు కాచిన ప్రతిసారీ పొయ్యి కడుక్కున్నాను.

పనుల పంపకం గురించి కూడా ఒక మాట. "చెబితే చేస్తాగా" అనేవాళ్లు ఇంట్లో ఉంటే, చెప్పాలని గుర్తుపెట్టుకునే పని మన నెత్తినే ఉంటుంది. ముక్కలుగా సాయం అడగకుండా ఒక విభాగం మొత్తం అప్పజెప్పండి. మా ఇంట్లో బడి సంగతంతా ఆయనదే: డైరీ, ఫీజు, యూనిఫాం, పేరెంట్స్ మీటింగ్. మొదటి నెలలో ఒకరోజు బాబు ఇస్త్రీ లేని చొక్కాతో వెళ్లాడు. నేను నోరు మెదపలేదు. అది చాలా కష్టమైన అంచె, కానీ దాటాలి.

## 10. మామూలుగా జరిగే తప్పులు

మెయిల్‌తో రోజు మొదలుపెట్టడం. ఎదుటివాళ్ల జాబితాతో మన పొద్దు గడిచిపోతుంది. మొదటి విడత అయ్యాక తెరవండి. ఉద్యోగ రీత్యా తప్పదంటే ఐదు నిమిషాలు చూసి, మంట అంటుకున్నదానికి మాత్రం జవాబివ్వండి.

నిమిషం నిమిషానికి టైంటేబుల్. 9:10కి ఒకటి, 9:35కి ఒకటి అని రాస్తే మొదటి కొరియర్‌తోనే కూలిపోతుంది. వరస చాలు, గడియారం వేళలు మీటింగులకే.

విరామంలో ఫోను. ఐదు నిమిషాల రీల్స్ ఐదు నిమిషాలు ఉండవు. లేచి బాల్కనీలో మొక్కలకి నీళ్లు పోయండి, ఆరిన బట్టలు తీయండి.

పొద్దుట పాడైతే రోజంతా వదిలేయడం. "ఇవాళ ఇక అయినట్టే" అని నాలుగింటిదాకా కాలం గడిపేస్తాం. మధ్యాహ్నం భోజనం తర్వాత కొత్త పేజీ తిప్పి, తేదీ మళ్లీ వేసి, ఒకే ఒక్క పని రాయండి.

ఒకే పని నాలుగు రోజులుగా ఎడమ పేజీలో మారుతూ ఉండటం. బద్ధకమని తిట్టుకోకండి. సాధారణంగా ఆ పనికి ఏదో తక్కువైంది: ఒక కాగితం, ఒక పాస్‌వర్డ్, ఒకరి అనుమతి. ఆ తక్కువైనదాన్నే మొదటి కదలికగా రాయండి.

## 11. అన్నీ తప్పిన రోజు

పిల్లాడికి జ్వరం, పనిమనిషి రాలేదు, రేపే గడువు. అలాంటి రోజు పై పది అంచెలూ పక్కన పెట్టండి.

- ఈ రోజు తప్పితే నిజంగా జరిమానా పడే పని ఏదో ఒక్కటి తేల్చుకోండి
- ఉదయం పదిలోపే పైఅధికారికి చెప్పండి: ఇది ఇస్తాను, అది రేపు ఇస్తాను. సాయంత్రం చెబితే సాకులా వినిపిస్తుంది
- పిల్లాడు నిద్రపోయిన 25 నిమిషాలూ ఒక విడతే
- వంట పెరుగన్నం, ఆవకాయ

## 12. రోజు ముగించడం

పని వేళ అయిపోగానే, సగంలో ఉన్నా సరే, చివరి చీటీ రాయండి. కుడి పేజీలో మిగిలిన చిల్లర పనుల్లో అక్కర్లేనివి కొట్టేయండి, నాలుగైదు ఎప్పుడూ ఉంటాయి. ఛార్జర్ చుట్టి, భోజనాల బల్ల తుడిచి, ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టండి. కళ్లెదుట ఉంటే "ఒక్క మెయిల్" అనిపిస్తుంది.

చీటీని ల్యాప్‌టాప్ మూత లోపల, కీబోర్డు మీద పెట్టి మూయండి. పొద్దున మూత తెరవగానే, స్విచ్ నొక్కకముందే చేతికి తగిలేది అదే.